వర్ధన్నపేట బండి

వరంగల్ కరీమాబాద్‌లో పాత బండి కొనాలనుకునేవాడు ముందు మంచిరోజు చూసుకుంటాడు, తర్వాత మెకానిక్‌ను మాట్లాడుకుంటాడు, ఆ తర్వాత వచ్చి పూలమ్మను బతిమాలుకుంటాడు. మొదటి రెండూ లేకుండా కొన్నవాళ్లున్నారు. పూలమ్మ ఎక్కకుండా మాత్రం ఆ చుట్టుపక్కల ఏడు సీట్ల బండి ఒక్కటి కూడా చేతులు మారలేదు. మారిందని ఎవడైనా అంటే వాడు అబద్ధాలకోరు.

పూలమ్మకు ఇంజను తెలియదు, గేరు తెలియదు. డీజిల్‌కూ పెట్రోలుకూ తేడా ఏమిటని అడిగితే "ఒకటి బాగ కంపు, ఇంకోటి జర తక్కువ కంపు" అంటుంది. ఆమెకున్న విద్య ఒక్కటే. బండెక్కితే వాంతి చేసుకుంటుంది.

చాలామంది చేసుకుంటారు గదా అనొచ్చు. వాళ్లది వేరు, పూలమ్మది వేరు. ఉయ్యాల ఊగేవాళ్లను చూసినా ఆమెకు తిప్పుతుంది. ఒకసారి టీవీలో ఓడ అటూ ఇటూ ఊగుతుంటే కోడలు సుభాషిణి పరుగెత్తుకెళ్లి బకెట్ తెచ్చింది. తెచ్చింది గనుకే టీవీ మిగిలింది.

ఈ వాంతికి విలువ ఉందని లోకానికి తెలిసింది పక్కింటి భారతి వాళ్ల బండితో. ఆ ఇంటివాళ్లు పాత బండి కొత్తగా కొన్న రోజుల్లో వర్ధన్నపేటలో ఎవరో పోతే పలకరించడానికి పూలమ్మను కూడా ఎక్కించుకున్నారు. మామునూరు రాకముందే ఆమె పని ఆమె చేసేసింది. వారం తిరక్కుండా అదే బండి, సరిగ్గా అదే చోట, వెనక చక్రం దగ్గర కమాను పట్టీ విరిగి కూలబడింది. అంతే. ఆమె కడుపులో యంత్రం ఉందని ఊరు తేల్చేసింది.

అప్పటినుంచి కరీమాబాద్‌లో పాత బండ్లకు మూడే జాతులు. ఖమ్మం రోడ్డు మీద మామునూరు దాకా పూలమ్మ ఆగలేకపోతే అది మామునూరు బండి, ఎవరూ ముట్టుకోరు. పంథిని దాకా ఆగితే పంథిని బండి, బేరమాడి కొనుక్కోవచ్చు. వర్ధన్నపేట దాకా ఆగితే వర్ధన్నపేట బండి. అలాంటిది ఇంతవరకు పుట్టలేదు. పెళ్లి సంబంధాల్లో కూడా ఈ లెక్కే నడిచింది. "పిలగానికి బండి ఉన్నదట." "ఏం బండి?" "పంథిని బండి." "అయితే తీయ్, మంచి కుటుంబమే."

ఆమెతోపాటు కాజీపేట నుంచి మెకానిక్ స్టీఫెన్ వస్తాడు. బానెట్ తెరిచేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు, తెరిచాక కళ్లు తెరుచుకుని తిడతాడు. మంచి పనిమంతుడే. కాని అతను ఇంజను మొత్తం తడిమి "బండి మంచిగున్నది" అంటే కొనేవాడు తలూపి, "అది సరే అన్నా, పెద్దమ్మ ఏమన్నది?" అని అడిగేవాడు. కొన్నాళ్లు బాధపడి, చివరికి పెద్దమ్మతోనే పొత్తు కలిపాడు. అతను పెట్టిన నియమం ఒకటే.

"ఏడు సీట్ల బండి సంగతి ఆఖరి సీటే చెప్తది పెద్దమ్మా. ముంగట కూసుంటే ఎడ్లబండి గూడ పల్లకీ లెక్కనే ఉంటది. నువ్వు ఎన్కనే కూసోవాలె."

అతను చెప్పాల్సిన పని కూడా లేదు. పూలమ్మను ముందు కూర్చోబెట్టే ధైర్యం పుట్టుక నుంచి ఎవరికీ లేదు. ముందు కూర్చుని కిటికీలోంచి తల బయట పెడితే, గాలికి అది వెనకున్న వాళ్ల మొహాల మీదికే వస్తుంది. అందుకని బస్సైనా, జీపైనా, ట్రాక్టరైనా, ఆమె చేతికొక కవరిచ్చి అందరికంటే వెనక్కి పంపడం ఆచారమైపోయింది.

ఒక బండి చూసిపెడితే ఆమె తీసుకునేది ఒక గోలీసోడా, ఒక జాకెట్టు గుడ్డ. ఆ గుడ్డలన్నీ కలిపి కుడితే వేయిస్తంభాల గుడికి పందిరి వేయొచ్చు.

ఇంత పేరున్న మనిషికి ఒక్కటే దిగులు. కొడుకు శ్యాంసుందర్ చిన్నప్పుడు జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడుంటే, మేడారం అమ్మలకు తన ఎత్తు బంగారం ఇచ్చుకుంటానని మొక్కింది. మేడారంలో బంగారమంటే బెల్లమే. పిల్లవాడు లేచాడు, పెరిగాడు, ఎరువుల దుకాణం పెట్టాడు, పెళ్లి చేసుకున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉంది. జాతర వచ్చినప్పుడల్లా పూలమ్మ బయల్దేరడం, ములుగు దగ్గర గట్టమ్మ గుడి దాకా ప్రాణం ఉగ్గబట్టుకుని పోవడం, అక్కడ అందరూ కొబ్బరికాయ కొడుతుంటే ఆమె రోడ్డు పక్కన పడుకోవడం, తిరిగొచ్చే ఏదో బండిలో వాళ్లు ఆమెను ఇంటికి పంపడం. గట్టమ్మ అవతల దారి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పైగా ఏళ్లు గడిచినకొద్దీ ఆమె ఒళ్లు చేస్తోంది. మొక్కినప్పుడు చిన్న సంచిలో పట్టే బెల్లం ఇప్పుడు గోనెసంచిని చీల్చుకు వచ్చేలా ఉంది.

"ఇంకో రెండు జాతర్లు ఆగితే లారీ మాట్లాడాలె," అనేవాడు ఆమె భర్త కట్టయ్య.

ఈసారి జాతరకు శ్యాంసుందర్ సొంత బండి కొంటానన్నాడు. ఇంటిల్లిపాదీ అందులోనే పోవాలన్నాడు. ఒక షరతు కూడా పెట్టాడు. "అమ్మ కూసోలేని బండి నేను కొన. పంథిని బండి గూడ కొన. దొరకకుంటే ఎప్పటిలెక్కనే జీపు మాట్లాడుకొని మేం పోతం, ఈసారి అమ్మ ఇంటికాడనే ఉంటది."

కొడుకు ప్రేమగానే అన్నాడు. పూలమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ బండి ఎక్కడ పుట్టిందని? చూసిన ప్రతిదీ మామునూరు బండే. జాతర దగ్గరికొచ్చింది, బెల్లం సంచి వసారాలో గోడకు జారగిలబడి ఆమె ఎత్తే కూర్చుని ఉంది, చీమలు వచ్చి దర్శనం చేసుకుని పోతున్నాయి.

చివరికి సుందర్ రావు బండి ఒక్కటి మిగిలింది. ఈ సుందర్ రావు రిటైరైన ఉద్యోగి, తెల్లచొక్కా మనిషి, మాట్లాడేటప్పుడు చొక్కాను కూడా మెచ్చుకోవాలన్నట్టు నిమురుకుంటూ మాట్లాడతాడు. ఆదివారం చర్చి అయిపోగానే స్టీఫెన్ వచ్చాడు. బండి పూలమ్మ వాళ్ల వీధిలోనే, సుందర్ రావు ఇంటిముందు వేపచెట్టు నీడలో, కడిగి, తుడిచి, అగరుబత్తి వెలిగించి ఉంది.

"సింగిల్ హ్యాండ్," అన్నాడు సుందర్ రావు. "నేనొక్కన్నే నడిపిన. చిన్నపిల్ల లెక్క చూసుకున్న."

స్టీఫెన్ ప్రార్థన ముగించి బానెట్ మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. "సార్, పొద్దుగాల్నే ఇంజన్ వేడి చేసి పెట్టిండ్రా?"

"ఎండకు కాలింది."

"బండి నీడల ఉన్నది గద సార్."

"పొద్దున ఈడ ఎండ ఉండె. నీడ ఇప్పుడే వచ్చింది."

పాత డీజిల్ బండి చల్లగా ఉన్నప్పుడు ఎలా లేస్తుందో చూస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుందట. దీన్ని ఉదయమే లేపి ముస్తాబు చేశారు. స్టీఫెన్ మళ్లీ చల్లారేదాకా కూర్చుంటానన్నాడు. చల్లారేదాకా సుందర్ రావు తన ఉద్యోగ చరిత్ర చెప్పాడు. ఇంజను నయం, తొందరగానే చల్లారింది. తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి లేచింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ ఒక మేఘంలా వచ్చి, భారతి ఆరేసిన బట్టల మీద వాలింది. కాసేపటికి పొగ తేలికైంది. ఆయిల్ గేజ్ లాగి చూశాడు, మూత తీసి చూశాడు, కింద దూరి చూశాడు.

"ఇంజన్ తప్పువట్టేటట్టు లేదు," అన్నాడు లేచి. "మీటర్ల చూస్తే బండి ఇంట్ల నుంచి కదలనట్టే ఉన్నది, అరిగిన క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే కాశీకి పోయి వచ్చినట్టున్నది. ఏది నమ్మాలె సార్?"

"నా కాలు జర బరువు," అన్నాడు సుందర్ రావు.

ఇక పూలమ్మ వంతు. ఆఖరి వరుసలోకి పోవాలంటే మధ్య సీటు మడవాలి. మడిచే పిడి చేతికి ఊడొచ్చింది. సరే, డిక్కీలోంచి ఎక్కిద్దామంటే డిక్కీ తలుపు లోపలినుంచి తెరుచుకోదు, బయటినుంచి మాత్రం చెప్పుతో ఒకటి కొడితే తెరుచుకుంటుంది. అది దాని ప్రత్యేకత అన్నాడు సుందర్ రావు, దొంగలకు తెలియదట. కొట్టి తెరిచి, స్టీఫెన్ లాగుతుంటే సుభాషిణి నెట్టి పూలమ్మను లోపలికి చేర్చారు. ఏడుగురి బరువు పడితే గదా బండి సంగతి తేలేదని, ఏడో మనిషి కింద బెల్లం సంచిని తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టి బెల్టు కూడా కట్టారు. సరిగ్గా ఆమె ఎత్తు, ఆమె బరువు. వెనకనుంచి చూస్తే అక్కాచెల్లెళ్లు ఊరికి పోతున్నట్టుంది.

ముందు సీట్లో కట్టయ్య. అది ఎవరి బండైనా అతని సీటే, ఇంటి పెద్ద గనుక. కూర్చున్న మరుక్షణం నిద్రపోతాడు. ముందు సీట్లోంచి లోకాన్ని చూసే హక్కు అతనికి తరతరాలుగా ఉంది, చూడడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. శ్యాంసుందర్ స్టీరింగ్ పట్టాడు. మధ్యలో సుభాషిణి, స్టీఫెన్, సుందర్ రావు.

బండి ఉర్సు గుట్ట దాటింది. పూలమ్మ ఎప్పుడూ నోరు మూయని మనిషి, వాంతికి వాంతికి మధ్య కూడా రెండు ముచ్చట్లు చెబుతుంది. ఆ రోజు గుట్ట దగ్గరే పెదాలు బిగించింది. వెనక షాకబ్జర్లు ఉన్నాయో, వాటి ఫొటోలే ఉన్నాయో గాని, రోడ్డు మీద నిమ్మకాయ తొక్క ఉన్నా పైకప్పు తలకు తగులుతోంది. ఏసీ గాలి వెనక్కి వచ్చేసరికి దోమ ఊపిరంత మిగిలింది. పక్కనుంచి బెల్లం వాసన. కిటికీ అద్దం తెరుచుకునేది కాదు.

మామునూరు వచ్చింది. అందరి మెడలూ వెనక్కి తిరిగాయి. పూలమ్మ కవరు ఒళ్లో పెట్టుకుని, బుద్ధుడి బొమ్మలా కూర్చుని ఉంది. మామునూరు పోయింది.

"చూసిండ్రా!" అన్నాడు సుందర్ రావు చొక్కా నిమురుకుంటూ.

పంథిని వచ్చింది. పంథిని కూడా పోయింది. శ్యాంసుందర్ సంతోషం పట్టలేక ఊరికే హారన్ కొట్టాడు, అవతల రోడ్డు మీద పోతున్న బర్రెలు బెదిరిపోయాయి.

"అమ్మా! వర్ధన్నపేట బండేనే ఇది!"

సుభాషిణికి అనుమానం వచ్చింది. "అత్తమ్మా, ఓ ముచ్చట చెప్పు."

పూలమ్మ తలూపింది.

"తలూపుడు కాదు. మాట్లాడు."

పూలమ్మ చెయ్యి ఊపింది. బుగ్గలు రెండు బూరెల్లా ఉన్నాయి. కళ్లలోంచి నీళ్లు, నుదుటినుంచి చెమట. ఒక చేత్తో బెల్లం సంచి చెవి పట్టుకుని వేలాడుతోంది.

"బండి ఆపుండ్రి!" అని కోడలు అరిస్తే, పూలమ్మ వెనకనుంచి కొడుకు వైపు పోనియ్ పోనియ్ అన్నట్టు చెయ్యి ఝళిపించింది. వాడు పోనిచ్చాడు.

వర్ధన్నపేట సెంటర్లో ఛాయ్ హోటల్ ముందు బండి ఆగింది. సుందర్ రావు గెలిచినవాడిలా దిగి, వెనక్కి పోయి, చెప్పు తీసి డిక్కీ మీద ఒక్కటి కొట్టాడు. తలుపు పైకి లేచింది.

పూలమ్మ ఉర్సు గుట్ట నుంచి దాచుకొచ్చిందంతా ఆ తెల్లచొక్కాకు అప్పజెప్పింది.

తర్వాత జరిగిన పంచాయితీ వర్ధన్నపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సుందర్ రావు హోటల్ డ్రమ్ము దగ్గర చొక్కా కడుక్కుంటూనే వాదించాడు. "యాడ అయింది? వర్ధన్నపేటల అయింది. అంటే ఇది వర్ధన్నపేట బండే!"

"ఎట్లయితది సార్?" అన్నాడు స్టీఫెన్. "పెద్దమ్మ మామునూరు నుంచి ఆపుకున్నది."

"ఆపుకున్నదా లేదా అన్నది లోపలి ముచ్చట. బయటికి యాడ వచ్చిందో అదే లెక్క."

ఛాయ్ తాగేవాళ్లు రెండు పార్టీలైపోయారు. బయటపడ్డ చోటే చోటని ఒక ముసలాయన, మొదలైన చోటే చోటని ఇంకొకాయన. గ్లాసులు పగిలేదాకా వచ్చింది. సుభాషిణి ఇదేదీ పట్టించుకోకుండా అత్త మొహం కడిగి, గోలీసోడా తాగించి అడిగింది.

"నిజం చెప్పు అత్తమ్మా. ఏడ మొదలైంది?"

పూలమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఉర్సు గుట్ట కాడ్నే బిడ్డా."

రెండు పార్టీలూ గ్లాసులు కింద పెట్టాయి. ఉర్సు గుట్ట బండి! మామునూరు కంటే కింద ఇంకో జాతి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

"మరెందుకు ఆపుకున్నవే?" అన్నాడు శ్యాంసుందర్.

"ఇది గూడ వద్దంటే ఇంకేం బండి కొంటవురా? మళ్ల మీరందరు పోతరు, నేను కోళ్లను చూసుకుంట కూసుంట. నీ మొక్కు నేను మొక్కితి. గట్టమ్మ అవతలకు నా బెల్లం పోతదేమో గని నేను పోనారా?"

సుందర్ రావు చొక్కా పిండడం ఆపాడు. అప్పుడే ముందు సీట్లో కట్టయ్య నిద్రలేచి, గాలి పీల్చి, "ఏం కంపురా ఇది!" అని దిగాడు. జరిగింది తెలుసుకుని, "ఈ బండ్ల నేను రాను. బస్సుకొస్త," అని కండువా దులిపి బస్టాండు వైపు పోయాడు.

అలా ఆ సీటు ఖాళీ అయింది. కావాలని ఎవరూ చేసింది కాదు.

"అత్తమ్మా, నువ్వు ముంగట కూసో," అంది సుభాషిణి.

"నేనా? ముంగటనా? మీ మొకాల మీద పడుతది."

"ఇంకేమున్నది పడనీకి? అంతా సార్ చొక్కా మీదనే పాయె." ఆమె సుందర్ రావు వైపు తిరిగింది. "సార్, మీరు ఎన్క కూసోండ్రి. మీ బండే గద. చిన్నపిల్ల లెక్క చూసుకున్న అంటిరి."

"కూసుంట. దానికేంది?" అన్నాడు ఆయన తడిచొక్కాతో. డిక్కీలోంచి ఎక్కి, ఆ చొక్కాను బెల్లం సంచి మీద ఆరేసి, పక్కన కూర్చున్నాడు. జన్మలో ఆ సీట్లో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి.

బండి కదిలింది. పూలమ్మ కవరు నోటి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. ఎదురుగా రోడ్డు తిన్నగా, నల్లగా, తన వైపే వస్తోంది. గుంత వచ్చేముందే కనిపిస్తోంది, మలుపు తిరిగేముందే తెలుస్తోంది. రెండో కన్ను కూడా తెరిచింది. కవరు ఒళ్లోకి జారింది.

"అరే శ్యాం, పత్తి ఇంకా ఏరనే లేదు సూడు వీళ్లు. కూలోళ్లు దొరకలేదేమో. ఆ ఇల్లెవలిదిరా, అంత పచ్చ రంగేసిండ్రు, చిలుకలు గూడ సిగ్గుపడుతయ్. మెల్లగ, మెల్లగ, బర్రె వస్తాంది. మీరు వచ్చేటప్పుడు బెదిరిచ్చిన బర్రేనే అది, మొకం గుర్తువట్టినట్టున్నది!"

అలా మొదలుపెట్టిన మనిషి ఆగలేదు. వెనక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ముగ్గురిలో ఒకరి మొహం మాత్రం బెండకాయ రంగుకు తిరిగింది.

పంథిని దగ్గర వెనకనుంచి నీరసమైన గొంతు వచ్చింది. "బాబూ... జర ఆపుతవా..."

చెప్పుతో డిక్కీ తెరిచే అలవాటున్న ఒక్క మనిషీ లోపల ఉన్నాడు. స్టీఫెన్ దిగి, చెప్పు తీసి, తెరిచేసరికి కాస్త ఆలస్యమైంది. బెల్లం సంచికి పైన కప్పిన తడిచొక్కా ఒకటే అడ్డం పడి మొక్కు దక్కింది.

"మీ బండి మీకే పంథిని బండి సార్," అన్నాడు స్టీఫెన్ గౌరవంగా. ఆ తర్వాత బేరంలో సుందర్ రావు నోరెత్తలేదు. ఎత్తితే ఏం వస్తుందో ఆయనకే భయం.

అయితే రోడ్డు పక్కన నిలబడి స్టీఫెన్ ముందు సీటు వైపు చూస్తూ చెమటలు కక్కాడు. "పెద్దమ్మా, నువ్వు ఎన్నడన్న ముంగట కూసున్నవా?"

"ఎవలు కూసోబెట్టిండ్రురా?"

"అంటే... మనం వద్దన్న బండ్లన్నీ..."

"నువ్వే గదరా, ఎన్కనే కూసోమంటివి."

స్టీఫెన్ కళ్లు మూసుకుని మామూలు కంటే పెద్ద ప్రార్థన చేశాడు. మామునూరు బండ్లని ఊరు ముట్టుకోని బండ్లు, వాటి యజమానులు, తప్పిపోయిన సంబంధాలు, అన్నీ అతని కళ్లముందు వరసగా పోయినట్టున్నాయి. "ఈ ముచ్చట కరీమాబాద్ దాక పోవద్దు పెద్దమ్మా," అన్నాడు. ఆ ముచ్చట వాళ్లకంటే ముందే, కట్టయ్య ఎక్కిన బస్సు కంటే ముందే కరీమాబాద్ చేరింది. ఎలా చేరిందో అడక్కండి.

బండి కొన్నారు. స్టీఫెన్ సిగ్గుతో షాకబ్జర్లు తానే తెచ్చి వేశాడు. డిక్కీ తాళం మాత్రం ఏం చేసినా చెప్పుకే లొంగింది. జాతరకు బయల్దేరే పొద్దున కట్టయ్య తలకు తువ్వాల చుట్టుకుని ముందు తలుపు దగ్గరికి వస్తే, లోపల పూలమ్మ అప్పటికే కూర్చుని బెల్టు పెట్టుకుని ఉంది.

"ఏమే, అది ఇంటి పెద్ద కూసునే జాగ."

"పెద్ద ఎవలు? ఆ సంచిల బెల్లం తూకమేసినప్పుడు చూసినవు గద, పెద్ద ఎవలో. నువ్వు ఎన్క కూసో అయ్యా. ఎట్లయిన పండుకునేటోనివే గద."

"బాపూ, జర ఎక్కు, ఆలస్యమైతాంది," అన్నాడు శ్యాంసుందర్, నవ్వు కనిపించకుండా అద్దం సరిచేస్తూ. కట్టయ్య డిక్కీలోంచి ఎక్కాడు. బెల్లం సంచి మీద చెయ్యి వేసి నిద్రపోదామనుకున్నాడు. నిద్ర రాలేదు. మల్లంపల్లిలో ఒకసారి, ములుగు ముందు ఒకసారి బండి ఆపించాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆయనకే తెలియదు, అన్నేళ్లూ నిద్రపోబట్టే బతికిపోయాడని.

గట్టమ్మ దగ్గర అందరూ దిగి కొబ్బరికాయ కొట్టారు. పూలమ్మ తన చేతులతో తనే కొట్టింది. ఒక ముక్క తీసుకుని, రోడ్డు పక్కన పడుకుని ఉన్న భర్త దగ్గరికి పోయి నోట్లో పెట్టింది. "నేను పండుకునే జాగ ఇదే అయ్యా. చల్లగుంటది," అని చెప్పి, కవరొకటి చేతిలో పెట్టి, పోయి ముందు కూర్చుంది.

బండి గట్టమ్మ దాటింది. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు దగ్గరికొచ్చాయి. ఇంటి దగ్గర మొదలుపెట్టి అప్పటిదాకా ఆగని పూలమ్మ నోరు ఒక్కసారిగా ఆగిపోయింది.

వెనక సుభాషిణి గబగబా ఇంకో కవరు తీసి సీట్ల మధ్యలోంచి ముందుకు చాపింది. "అత్తమ్మా, మళ్ల ఆపుకుంటానవా? ఏమైతాంది?"

పూలమ్మ ఆ కవరును చేత్తో పక్కకు తోసింది, అద్దం ముందు అడ్డం వస్తోందని.

"ఏం గాలేదే పిల్లా. చూస్తాన."